నా వంతు చక్కెర

గ్లాసు ఖాళీ అయి చాలాసేపయింది గానీ తీపి మాత్రం ఇంకా పళ్ళ సందుల్లోనే తిష్ఠ వేసుకుని కూర్చుంది, నాలుకతో ఎంత తడుముకున్నా కదలడం లేదు, రాత్రి నుంచి ఏమీ తినని కడుపులో అన్నేసి గ్లూకోజు నీళ్ళు ఒక్కసారే పోసేసరికి ఒళ్ళంతా తేలిగ్గా, ఎండలో ఆరిన దుప్పటిలా అయిపోయింది. కదలకూడదండీ, బాత్రూముకి వెళ్ళాలన్నా నన్ను పిలవండి, అని చెప్పి సిస్టరు అవతలి గదిలోకి వెళ్ళింది. మొదటి గంట గడిచిపోయింది, ఇంకో గంట ఇలాగే కూర్చుంటే చివరి రక్తం తీసుకుని వదిలేస్తారట. మోచేతి మడతలో చిన్న గొట్టం గుచ్చి పైన పట్టీ వేశారు, ఉండుండి వచ్చి అందులోంచి సీసాలోకి ఇంత రక్తం పట్టుకుపోతున్నారు, నొప్పేమీ లేదు, కూర్చోవడమూ నాకు కొత్త కాదు, నలభై ఏళ్ళు కుట్టుమిషను ముందు కూర్చున్నదాన్ని, కాకపోతే అప్పుడు కాళ్ళకీ చేతులకీ పని ఉండేది, ఇప్పుడు కళ్ళకి మాత్రమే ఉంది, అవేమో ఊరుకోక ఎదురుగా కిటికీకి వేసిన కర్టెను మీదకే పోతున్నాయి. ఎవరు కుట్టారో గానీ కుచ్చిళ్ళు ఒకటి లావు ఒకటి సన్నం, అడుగు అంచు ఒక పక్కకి వేలెడు జారింది, గుడ్డ మాత్రం మంచిది, పాపం, మంచి గుడ్డ. కత్తెర చేతిలో ఉంటే ఈ గంటలో విప్పి సరిచేసి పెట్టేదాన్ని. ఆ వంకర అంచు కిందినుంచే ఎండ వచ్చి నా చెప్పుల దాకా పాకింది, వెచ్చగా ఉంది, నిద్ర వస్తోంది, కానీ నిద్రపోవడానికి వీల్లేదు, పక్క గదిలో అమ్మ ఉంది, తలుపు ఓరగా తెరిచి ఉంది, నా చెవులు రెండూ అక్కడే ఉన్నాయి.

నన్ను ఇక్కడికి పిలిపించింది నేను పుట్టిన సంవత్సరం. యుద్ధం అయిపోయినా రేవుకి ఓడలు సరిగా రాని రోజులవి, చక్కెర కార్డు మీద మనిషికింతని తూచి ఇచ్చేవారట, అమ్మ కడుపులో నేనున్నదీ, పుట్టిందీ, పాకిందీ, నడిచిందీ అంతా ఆ కొరతలోనే. తర్వాత ఒకరోజు పొద్దున్నే కార్డులు రద్దన్నారు, ఊళ్ళో కొట్లన్నీ బస్తాలు బయటికి తెచ్చి పెట్టాయి, ఆ తర్వాతి ఏడు మా తమ్ముడు పుట్టాడు. ఇన్నేళ్ళకి ఎవరికో తట్టింది, కొరతలో పుట్టినవాళ్ళనీ కొరత పోయాక పుట్టినవాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూద్దామని. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకునే పరిశోధన అమ్మాయి మొదటి రోజు నాకంతా విడమరిచి చెప్పింది, కడుపులో ఉన్నప్పుడూ, పుట్టాక మొదటి రెండేళ్ళూ చక్కెర పెద్దగా అందని వాళ్ళకి వయసొచ్చాక షుగరు జబ్బు తక్కువగా వస్తోందనీ, వచ్చినా ఆలస్యంగా వస్తోందనీ, రక్తపోటు కూడా అంతేననీ. ఒకే కడుపున పుట్టిన అక్కా తమ్ముళ్ళు, ఒకరు అటూ ఒకరు ఇటూ, పైగా తల్లి కూడా బతికి ఉండటం మాకు చాలా అదృష్టమండీ అంది. అమ్మ వయసు విని అంత మురిసిపోయిన మనిషిని నేను చూడటం అదే మొదటిసారి, మిగతావాళ్ళంతా అయ్యో అంటారు.

మా తమ్ముడికి షుగరొచ్చి పాతికేళ్ళయింది. నాకు లేదు. నిజంగా లేదో, ఉండి దాక్కుందో చూడటానికే ఈ గ్లాసుడు నీళ్ళు. ఆ అమ్మాయి చెప్పింది వింటుంటే అప్పుడు నాకు ముందు సంతోషమే వేసింది, వెంటనే అమ్మకి చెప్పాలనిపించింది, చూశావా అమ్మా, నాకు చక్కెర పెట్టలేదని ఇన్నాళ్ళూ కుమిలిపోయావు, అదే నాకు మేలు చేసిందట అని. కానీ పక్కనే కూర్చున్న తమ్ముడి బూట్లు కనపడ్డాయి, వేళ్ళు ఒరుసుకోకుండా వాడు వేసుకునే ఆ వెడల్పాటి బూట్లు, ఆ మాట అక్కడే ఆపేసుకున్నాను. నాకు పెట్టకపోవడం మేలైతే వాడికి పెట్టడం ఏమైనట్టు? ఒకదాని మీంచి బరువు తీసి ఇంకోదాని మీద పెట్టినట్టే కదా, అదీ ఎవరి మీద, తన ప్రాణమంతా పెట్టుకుని పెంచిన కొడుకు మీద. నేనడగబోయిందే వాడే అడిగాడు, అంటే మా అమ్మ ముద్దు చేయడం వల్లే నాకీ జబ్బొచ్చిందంటారా అని నవ్వుతూ. ఆ అమ్మాయి తడబడిపోయింది, అలా ఒక్కరి గురించి చెప్పలేమండీ, వేలమందిని కలిపి చూస్తే కనిపించే తేడా ఇది, మీదీ మీ అక్కగారిదీ తిండి, పని, నిద్ర, వంశం, సవాలక్ష ఉంటాయి, అంది. వాడు తలూపాడు. బయటికొచ్చాక వరండాలో నా చెయ్యి పట్టుకుని ఆపి, అక్కా, అమ్మతో అనకు, అన్నాడు. నన్ను తియ్యగా పెంచానని ఈ వయసులో కూర్చుని ఏడుస్తుంది, నా షుగరు కన్నా ఆ ఏడుపు తగ్గించడం కష్టం. అననురా అన్నాను. ఆ అమ్మాయికి కూడా చెప్పాం, మీరు అడగాల్సినవి అడగండి గానీ ఎందుకు అడుగుతున్నారో ఆవిడకి చెప్పకండని, సరేనంది.

వాడి పేరు ఎవరూ పిలిచేవాళ్ళు కాదు, అందరికీ చక్కెరే. చక్కెర ఎక్కడ, చక్కెర అన్నం తిన్నాడా, చక్కెర బడి ఎగ్గొట్టాడా. నన్నేమో చప్పిడి అనేవారు. అది నాన్న పెట్టిన పేరు, దానికో కథ ఉంది, చుట్టాలెవరు వచ్చినా ఆ కథ చెప్పకుండా నాన్నకి భోజనం పూర్తయ్యేది కాదు. కార్డులు రద్దయిన రోజున నాన్న పొట్లం కట్టించుకుని ఇంటికి పరిగెత్తుకొచ్చి నా నోట్లో చిటికెడు చక్కెర వేశాడట, నేను కాసేపు కళ్ళు మూసుకుని, తర్వాత మొహమంతా చిట్లించుకుని తుపుక్కుమని ఆయన చొక్కా మీదే ఉమ్మేశానట, ఉప్పనుకుందో మందనుకుందో, ఊరు ఊరంతా నాకేస్తుంటే నా కూతురొక్కత్తే ఉమ్మేసింది, చప్పిడి మొహంది, అని నాన్న పొట్ట పట్టుకుని నవ్వేవాడు, చుట్టాలు నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. అమ్మ మాత్రం సరిగ్గా చిటికెడు చక్కెర దగ్గరికి కథ వచ్చేసరికి మంచినీళ్ళు తెస్తానని లేచి లోపలికి పోయేది. బల్ల మీద కూజా నిండా నీళ్ళు ఉన్నా సరే.

తమ్ముడికి చక్కెర అంటే రొట్టె మీద, పాలల్లో, జావలో, అన్నిటికన్నా ముందు అమ్మ వేలి మీద. వాడేడిస్తే అమ్మ చూపుడు వేలు తడిపి డబ్బాలో ముంచి నోట్లో పెట్టేది, వాడు గుటుక్కున ఊరుకునేవాడు, చప్పరిస్తూ కళ్ళు పైకి తేలేసేవాడు. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. నాకు కావలసింది చక్కెర కాదు, నాకు తీపి మీద ఎప్పుడూ అంత యావ లేదు, నాకా వేలు కావాలి. ఒకసారి నేనూ ఏడ్చి చూశాను, అమ్మ కంగారుపడి ఏమైందే అని మోకాళ్ళు చూసింది, మోచేతులు చూసింది, దెబ్బేమీ లేదని తేల్చుకుని తల నిమిరి వెళ్ళిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది. ఆ నిమరడం కూడా బాగానే ఉండేది, అమ్మ చేతికి మిషను నూనె వాసన వచ్చేది, నాకిప్పటికీ ఆ వాసనంటే ఆకలేస్తుంది.

ఆ మిషనే నా వంతు చక్కెర. నేను సొంతంగా కర్టెన్ల దుకాణం పెట్టుకున్నప్పుడు అమ్మ ఆ పాత చేతి మిషను తెచ్చి గాజు బీరువాలో పెట్టుకోమని ఇస్తూ చెప్పింది. ఓడలు లేక నాన్నకి రేవులో పని లేదు, పిల్లలకి కూడా కార్డు మీద వంతు ఉండేది కదా, నెలనెలా తమ వంతులతో పాటు నా వంతు కూడా నాకు పెట్టకుండా సంచిలో దాచి మూల మీది బేకరీ ఆవిడకి ఇచ్చిందట, బేకరీకి చక్కెర బంగారం, వాళ్ళ అటక మీద మిషను ఊరికే పడి ఉంది, అలా కుదిరింది బేరం. ఆ మిషను మీద అమ్మ వీధిలో అందరి చొక్కాలూ కుట్టింది, మేం బతికాం, నేను దాని మీదే నేర్చుకున్నాను, హోటళ్ళకీ సినిమా హాలుకీ కర్టెన్లు కుట్టాను. నీ నోటి దగ్గరది తీసి ఇచ్చేశానే, అని ఆ రోజు అమ్మ కళ్ళు తుడుచుకుంటుంటే, పోనీలే అమ్మా, పెట్టినా ఉమ్మేసేదాన్నిగా, అన్నాను. అమ్మ ఇంకా ఎక్కువ ఏడ్చింది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

సిస్టరు వచ్చింది, సీసా మార్చింది, కళ్ళు తిరుగుతున్నాయా అంది, లేదన్నాను. తమ్ముణ్ణి కంటి ఫోటోలకి తీసుకెళ్ళారట, చుక్కలు వేశారు, కాసేపు పడుతుంది అంది. చుక్కలంటే గుర్తొచ్చింది, వాడు టీలో వేసుకునే చుక్కలు, చక్కెర బదులు జేబులో పెట్టుకు తిరుగుతాడు, ముప్పై ఏళ్ళు బస్సు నడిపినవాడు, ప్రతి డిపోలో వాడి టీ ఎలా ఉండాలో తెలిసిన కొట్టువాడు ఒకడుండేవాడు, ఇప్పుడు రెండు చుక్కలు పిండుకుని కలిపి తాగి, తియ్యగానే ఉంది గానీ ఎవరో ఫోనులో మాట్లాడినట్టుంది, మనిషి ఎదురుగా లేడు, అంటాడు. ఈ మధ్య ఆ చుక్కలు కూడా రోజూ వాడితే అంత మంచిది కాదేమోనని అంటున్నారని మా మరదలు పేపర్లో చదివి వినిపించింది. సరే, అయితే ఇంట్లో ఇక నేనొక్కణ్ణే చక్కెరని, మీరే జాగ్రత్తగా వాడుకోండి, అన్నాడు వాడు.

"కడుపుతో ఉన్నప్పుడు ఏం తినేవారండీ?"

ఇక మొదలుపెట్టింది. అమ్మకి చెవులు సరిగా వినపడవు, అందుకని తను అరుస్తుంది, ఎదుటివాళ్ళచేతా అరిపిస్తుంది, గోడ అవతల వీధి పంపు దగ్గర తగవులా ఉంది.

"ఏముంటే అది. బంగాళాదుంపలు. బంగాళాదుంపలు లేనప్పుడు బంగాళాదుంపల తొక్కలు."

"పాలు?"

"దొరికేవి. నీళ్ళెక్కువ."

అమ్మ హుషారుగానే ఉంది, ఎవరైనా అడిగితే చెప్పడం ఇష్టం, ఇంట్లో మాకు వినే తీరిక ఉండదు, పొద్దున చక్రాల కుర్చీలో కూర్చోబెడుతుంటే మంచి స్వెట్టరు తొడగమంది, ఫోటోలు తీయరమ్మా అంటే, తీయకపోతే చూస్తారుగా అంది. ఎండ నా మోకాళ్ళ మీదకి వచ్చింది. కింద ఎక్కడో కారు తలుపు వేసిన చప్పుడు. నాకు నిజంగా కునుకు పడుతున్నట్టుంది, కళ్ళు మూస్తే అమ్మ మిషను చక్రం తిరుగుతోంది, సన్నటి ఎర్ర గీతలున్న గుడ్డ, దాని కింద నేను కూర్చుని రాలిన దారాలు ఏరుకుంటున్నాను, పైన అమ్మ కాళ్ళు, మేజోళ్ళకి ఎన్ని కుట్లో.

"మరి చక్కెర అమ్మగారూ? చక్కెర తినేవారా?"

నా కళ్ళు తెరుచుకున్నాయి. అమ్మ వినలేదనుకుందేమో ఆ అమ్మాయి ఇంకా గట్టిగా అడిగింది. అమ్మ వింది, నాకు తెలుసు, అమ్మ వినిపించుకోకపోవడానికీ వినపడకపోవడానికీ తేడా నాకు తెలుసు.

"ఎందుకడుగుతున్నావమ్మాయ్?"

అడగాల్సినవి అడగమన్నాంగా, అక్కడితో ఆగు తల్లీ, ఇంకో ప్రశ్నకి పో. కానీ ఆ అమ్మాయికి అబద్ధమాడటం రాదు కాబోలు, లేదా అంత పెద్దావిడ సూటిగా అడిగితే దాటేయడం మర్యాద కాదనుకుందేమో, మెల్లగా మొదలుపెట్టి, అమ్మ ఆఁ ఆఁ అంటుంటే గొంతు పెంచుతూ, చక్కెర దొరకని రోజుల్లో పుట్టిన పిల్లల గురించి, షుగరు జబ్బు గురించి అంతా చెప్పేసింది, వేలమందిలో, సగటున, ఒక్కరి గురించి చెప్పలేం, అన్నీ చెప్పింది, అవేవీ గోడ దాటి వచ్చేటప్పటికి మిగలలేదు. నేను లేవబోయాను. సిస్టరు ఎక్కడినుంచి చూసిందో పరుగున వచ్చి భుజం మీద చెయ్యి వేసింది, ఇంత సేపు కూర్చుని ఇప్పుడు లేస్తే మొత్తం వృథా అయిపోతుందండీ, ఇంకాసేపే. కూర్చున్నాను. తలుపు సందులోంచి అమ్మ కుర్చీ చక్రం సగం, ఊదారంగు స్వెట్టరు మోచెయ్యి మాత్రం కనిపిస్తున్నాయి. మోచెయ్యి కదలడం లేదు.

"అయితే మా అమ్మాయికి అందుకే రాలేదంటావు."

"అది కూడా ఒక కారణం కావచ్చండీ."

"మరి మావాడికో?"

ఆ అమ్మాయి కాగితాలు తిప్పిన చప్పుడైంది. ఎనభై ఆరేళ్ళ మనిషి, తడిపిన చూపుడు వేలు, చక్కెర డబ్బా, పైకి తేలేసిన పసివాడి కళ్ళు, అవన్నీ ఇప్పుడు ఆ గదిలో అమ్మ ముందు వరసగా నిలబడి ఉంటాయి, నేను ఇక్కడ కుర్చీకి కట్టేసినట్టు ఉన్నాను.

"వాడికి నేనే పెట్టాను," అంది అమ్మ, ఈసారి అరవకుండా. "నేనే."

అప్పుడే వరండాలోంచి తమ్ముడు వచ్చాడు, కళ్ళకి వాళ్ళిచ్చిన నల్ల అట్ట కళ్ళద్దాలు, చుక్కల వల్ల ఏమీ కనపడక గోడ తడుముకుంటూ. ఎంత వరకు విన్నాడో, అమ్మ గొంతు వైపే నడిచి వెళ్ళి తలుపు తోసుకుని లోపలికి పోయాడు, కుర్చీ దేనికో తగిలిన చప్పుడైంది.

"నువ్వు పెట్టావు, నేను తిన్నానమ్మా," అన్నాడు. "బస్సు నడిపాను, పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని పెంచాను, ఇవాళ మీ అందర్నీ కారులో తీసుకొచ్చాను. జబ్బుదేముంది, మందులున్నాయి. ఆ టీ కొట్ల దగ్గర నేను తిన్నవి నువ్వు చూడలేదు, చూస్తే అప్పుడే చంపేసేదానివి. నీ వేలి మీది చక్కెరకి ఇంత షుగరు రాదు."

"బాగుండేదా?" అంది అమ్మ.

"ఏది?"

"నేను పెట్టింది."

వాడు అబద్ధమాడితే గొంతు సన్నబడుతుంది, సన్నబడలేదు. "బాగుండకపోతే అంత ఏడుస్తానా నేను? ఆకలికి ఏడ్చాననుకున్నావా?"

అమ్మ నవ్వింది. ముందు ఊపిరి, తర్వాత చిన్న దగ్గు, తర్వాత నవ్వు. ఆ అమ్మాయి కూడా నవ్వింది, తమ్ముడు సరేసరి. నా చేతులు కుర్చీని వదిలాయి, అంతవరకు పట్టుకుని ఉన్నానని అప్పుడు తెలిసింది. కర్టెను వంకర అంచు కింద ఎండ ఎంత బాగుందో, పోనీ ఆ కుచ్చిళ్ళు కూడా అంత అన్యాయంగా లేవు, కొత్తగా నేర్చుకుంటున్న పిల్లెవరో కుట్టి ఉంటుంది. తలుపు మళ్ళీ ఓరగా మూసుకుంది, లోపల ఇంకేవో ప్రశ్నలు, ఈసారి అమ్మ ఎందుకో మెల్లగా మాట్లాడింది, నాకేమీ వినపడలేదు. చివరి రక్తం తీసి, గొట్టం తీసేసి, దూది పెట్టి చెయ్యి మడవమంది సిస్టరు. డాక్టరు చూసి చెప్తారు గానీ మీ అంకెలు బాగానే ఉన్నట్టున్నాయండీ అంది. మంచిదమ్మా అన్నాను. ఆ మంచి వార్త ఇంత మామూలుగా వచ్చి పక్కన కూర్చుంటుందనుకోలేదు.

పరిశోధన అమ్మాయి అమ్మ కుర్చీని తోసుకొచ్చి నా పక్కన ఆపి, చెప్పేశాను, క్షమించండి, అంది నాతో, కళ్ళు కిందికి దించుకుని. నేను ఆ అమ్మాయి చెయ్యి తట్టాను. తమ్ముడు కళ్ళద్దాలతో అటు కుర్చీలో కూలబడి, కారు ఇప్పుడే నడపలేను, అక్కా, నీకేమైనా తినడానికి తెస్తారేమో అడుగు, నాకూ అందులో సగం, అన్నాడు. అమ్మ వాడి వైపు చూసి, మళ్ళీ నా వైపు తిరిగి, నా స్వెట్టరు చేతిని పట్టుకుని దగ్గరికి లాగింది. గుసగుసగా చెప్తున్నాననుకుంటోంది గానీ గదంతా వినపడుతోంది.

"ఆ పిల్ల నన్నడిగిందే. అన్ని నెలలూ చక్కెర అసలు నోట్లో పెట్టుకోలేదా అని. పరిశోధన కదా, తప్పు చెప్పకూడదు కదా."

"ఏం చెప్పావమ్మా?"

"చివరి నెల సంచి," అంది అమ్మ. "బేకరీ ఆవిడకి ఇచ్చేసే ముందు. తలుపు వెనక నిలబడి మూతి విప్పాను. నువ్వు కింద గిన్నెలతో ఆడుకుంటున్నావు, తలెత్తి నన్నే చూశావు. నేనేం తింటున్నానో నీకు తెలియదు కూడా. నీ వంతు. నీకు ఒక్క పలుకు పెట్టకుండా నేనొక చెంచా తినేశానే."

చెంచా. నాన్న కథ చెప్పినప్పుడల్లా తెస్తానని లోపలికి వెళ్ళిన మంచినీళ్ళు. గాజు బీరువా ముందు ఆగని ఏడుపు. అరవై నాలుగేళ్ళు. అప్పుడు అమ్మకి ఇరవై నిండి ఉంటాయి, ఈ జుట్టులో పెన్సిలు గుచ్చుకున్న అమ్మాయి కన్నా చిన్నది, ఒళ్ళంతా ఆకలి, కాళ్ళకి కుట్లు వేసిన మేజోళ్ళు, తలుపు వెనక ఒక్కత్తీ నిలబడి చక్కెర నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. ఆ పిల్లని నేను ఎప్పుడూ చూడలేదు, చూశాను కూడా, గిన్నెల మధ్య కూర్చుని తలెత్తి చూశానట. ఆ పిల్ల మీద నాకెంత ప్రేమ వచ్చిందో చెప్పలేను. లేచి వెళ్ళి సంచి మూతి ఇంకా వెడల్పుగా తెరిచి పట్టుకోవాలనిపించింది.

"ఆ అమ్మాయి రాసుకుందా?" అన్నాను.

"రాసుకుంది. ఎన్ని చెంచాలని కూడా అడిగింది. ఒకటని చెప్పాను."

"బాగుందా అమ్మా?"

అమ్మ తలుచుకుంది. తీరిగ్గా, పెదాలు తడుపుకుంటూ, కళ్ళు సగం మూసుకుని. "నా జన్మలో అంత బాగున్నది తినలేదు," అంది.

"ఇంకో చెంచా తినాల్సిందే నువ్వు."

అమ్మ ఆ అమ్మాయి దగ్గరలో ఉందేమోనని అటూ ఇటూ చూసింది.

"తిన్నాను," అంది.